కుళ్లని గుణం, కుళ్లవలసిన గుడ్డ

మొక్కల వ్యర్థాలతో సూక్ష్మజీవ నిరోధక గుణం కల్పించిన గుడ్డ మాస్కు పర్యావరణానికి మేలు చేస్తుందా అని అడిగితే, మొక్క నుంచి వచ్చింది కాబట్టి మేలే చేస్తుందన్న జవాబు వెంటనే వినిపిస్తుంది. ఆ జవాబులో కొంత నిజం ఉన్నా, అది ప్రశ్నలోని అసలు చిక్కును తాకదు. ఈ మాస్కు మీద రెండు విరుద్ధమైన బాధ్యతలు ఉన్నాయి: ముఖానికి ఉన్నంతసేపు సూక్ష్మజీవి ఏదీ దాని మీద బతికి బట్టకట్టకూడదు, పారేశాక మాత్రం మట్టిలోని సూక్ష్మజీవులే దాన్ని తినేసి ఆనవాలు లేకుండా చేయాలి. మొదటి పని ఎంత గట్టిగా జరిగితే రెండో పనికి అంత అడ్డు తగిలే ప్రమాదం ఉంది. కాబట్టి మాస్కు ఎక్కడ నుంచి వచ్చిందన్నదాని కంటే, దానిలోని సంహారక పదార్థం ఉతికినప్పుడు ఏ నీళ్లలోకి పోతుంది, పారేసినప్పుడు ఏ మట్టికి చేరుతుంది, అక్కడ ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నవే దాని పర్యావరణ ప్రభావాన్ని నిర్ణయిస్తాయన్నది ఈ ఉపన్యాసం నిలబెట్టదలచిన వాదన.

ముక్కూ నోరూ మూసే గుడ్డ చాలాకాలం పాటు ఉతికి, ఉడకబెట్టి, మళ్లీ వాడుకునే వస్తువుగానే ఉండేది. 1897లో బ్రెస్లావ్ నగరంలో శస్త్రవైద్యుడు యోహాన్ మికులిచ్ ఆపరేషన్ గదిలో కట్టుకున్నది పల్చటి కట్టుగుడ్డే. 1910-11 చలికాలంలో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగినప్పుడు, పెనాంగ్‌లో పుట్టిన వైద్యుడు ఊ లియెన్-తె తన సిబ్బందికి కట్టించినదీ దూది పొదిగిన కట్టుగుడ్డే. 1960ల నుంచి ఒకసారి వాడి పారేసే మాస్కులు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. ఈనాటి సర్జికల్ మాస్కు అంచును కత్తెరతో కోసి విప్పి చూస్తే బయటి నీలం పొర, లోపలి తెల్ల పొర, వాటి మధ్య పొగమంచులా పల్చగా కనిపించే మరో పొర విడివడతాయి. సాధారణంగా ఈ మూడూ పెట్రోలియం నుంచి తయారయ్యే పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవే. మధ్య పొరను నేయరు. కరిగిన ప్లాస్టిక్‌ను సన్నని రంధ్రాల గుండా వేడిగాలితో ఊది, మిల్లీమీటరులో కొన్ని వేల వంతుల మందం మాత్రమే ఉండే పోగులుగా పరుస్తారు, వాటికి విద్యుదావేశం కూడా ఇస్తారు కాబట్టి కంటికి కనిపించని తుంపరలు సైతం వాటికి అంటుకుపోతాయి. సబ్బునీళ్లలో ఉతికితే ఆ ఆవేశం పోతుంది, దానితో మాస్కు పనితనం పడిపోతుంది. ఈ ప్లాస్టిక్ నీటికన్నా తేలిక కనుక పారేసిన మాస్కు కాలువ అడుగుకు దిగదు, తేలుతూ ఎంత దూరమైనా పోతుంది.

కోవిడ్ కాలంలో ఈ వస్తువు ఎంత పెద్ద ఎత్తున వాడకంలోకి వచ్చిందో కొన్ని అంకెలు చెబుతాయి. 2020లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ప్రపంచమంతటా నెలకు 12,900 కోట్ల మాస్కులు అవసరమయ్యాయి. ఓషన్స్ ఏషియా సంస్థ లెక్క ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే 156 కోట్ల మాస్కులు సముద్రాల్లో కలిసి ఉండవచ్చు. 2020 మార్చి నుంచి 2021 నవంబరు దాకా ఐక్యరాజ్యసమితి ద్వారా వివిధ దేశాలకు వెళ్లిన రక్షణ సామగ్రి 87,000 టన్నులనీ, అందులో ఎక్కువ భాగం వ్యర్థంగా మారి ఉంటుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది. ఉతికి వాడుకునే గుడ్డ మాస్కు మీద, దానికి సూక్ష్మజీవ నిరోధక గుణం కల్పించడం మీద పరిశోధకుల దృష్టి మళ్లడానికి ఇదే నేపథ్యం.

మొక్కల వ్యర్థం ఈ మాస్కులోకి మూడు దారుల్లో వస్తుంది, మాటల్లో మూడింటినీ కలిపేయడం వల్లనే గందరగోళం పుడుతోంది. మొదటిది నార: గెల కోసిన తర్వాత నరికేసే అరటి బోదె, అనాస ఆకు, చెరుకు పిప్పి వంటివాటి నుంచి పోగు తీసి గుడ్డగానో పొరగానో చేయడం. రెండవది కషాయం: దానిమ్మ తొక్క, ఉల్లి పొట్టు, మామిడి తొక్క వంటివాటిని మరిగించి, అందులోకి దిగిన పదార్థాలను గుడ్డకు పట్టించడం. మూడవది లోహాన్ని తయారు చేసే సాధనంగా వాడటం: వెండి లవణం కరిగించిన నీళ్లలో తొక్కల కషాయం కలిపితే, కషాయంలోని ఫినాలిక్ పదార్థాలు వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లనిచ్చి వాటిని లోహపు నానోకణాలుగా, అంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతులలో కొలవాల్సినంత చిన్న రేణువులుగా మారుస్తాయి. ఈ మూడో దారికి హరిత సంశ్లేషణ అని పేరు. తయారీ వరకు ఆ పేరు న్యాయమైనదే, హానికరమైన రసాయనాల వాడకం అక్కడ నిజంగానే తగ్గుతుంది. కానీ గుడ్డ మీదికి చేరేది వెండే, దానిని పుట్టించింది అరటి తొక్క అయినా, ప్రయోగశాలలోని రసాయనం అయినా, నీళ్లలోకి జారాక దాని ప్రవర్తన ప్రధానంగా వెండి ప్రవర్తనే.

రెండో దారి తెలుగు నేలకు కొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండబెట్టిన తర్వాతే కలం పడుతుంది; పెడన, మచిలీపట్నం అద్దకంలోనూ కరక్కాయ నీళ్లలో ముంచనిదే గుడ్డ రంగుకు సిద్ధం కాదు. కరక్కాయలో ఉన్నది టానిన్. ఆకులోనో, బెరడులోనో, కాయ తొక్కలోనో వగరుగా నాలుకను పట్టేసే ఈ పదార్థాన్ని మొక్క తన శత్రువుల నుంచి, ముఖ్యంగా పురుగుల నుంచీ బూజు నుంచీ కాచుకోవడానికి తయారు చేసుకుంటుంది. అది మాంసకృత్తులకు అతుక్కుని వాటిని బిగదీస్తుంది, సూక్ష్మజీవి బతకడానికి కావలసిన ఇనుమును దానికి అందకుండా పట్టేస్తుంది. తంగేడు బెరడుతో తోళ్లు పదును చేసినవారు పచ్చితోలు కుళ్లకుండా ఆపింది కూడా ఈ గుణంతోనే. దానిమ్మ తొక్కలో టానిన్ సమృద్ధిగా ఉంటుంది, ఉల్లి పొట్టులో క్వెర్సెటిన్ అనే పసుపు వర్ణకం ఉంటుంది, బొబ్బలకు చీముపట్టించే స్టాఫిలోకాకస్ ఆరియస్, పేగుల్లో ఉండే ఈ.కొలై బ్యాక్టీరియాల మీద ఇలాంటి కషాయాలు పట్టించిన నూలుగుడ్డ పనిచేస్తుందని ఎన్నో ప్రయోగాలు చూపాయి.

ఆ పనిని దగ్గర నుంచి గమనిస్తే ఖర్చు ఎక్కడెక్కడ పడుతుందో తెలుస్తుంది. ఎండిన దానిమ్మ తొక్కను పొడి కొట్టి నీళ్లలో మరిగిస్తే ముదురు పసుపు, గోధుమ కలిసిన చిక్కని నీరు దిగుతుంది. దానిని వడగట్టి, ముందే గంజీ మైనమూ పోయేలా ఉడికించి, పటిక నీళ్లు పట్టించి ఉంచిన గుడ్డను అందులో వేసి, సన్నని సెగ మీద కదుపుతూ ఉంచుతారు. తర్వాత తేటనీళ్లు వచ్చేదాకా జాడిస్తారు. ఇలాంటి అద్దకపు పనుల్లో ప్రతి విడతకూ గుడ్డ బరువుకు ఇరవై నుంచి నలభై రెట్ల నీళ్లు వాడటం ప్రయోగశాలల్లో మామూలు. 12 గ్రాముల గుడ్డ పట్టే మాస్కుకు ఉడకబెట్టడం, పటిక, కషాయం, రెండు జాడింపులు అని ఐదు విడతలు వేసుకుంటే 1.2 నుంచి 2.4 లీటర్ల దాకా నీళ్లు కావాలి. ఆ అంకె చిన్నదే. కిలో దూది పండటానికి ప్రపంచ సగటున 10,000 లీటర్ల నీరు పడుతుందన్న లెక్కన, అదే 12 గ్రాముల గుడ్డకు పొలంలోనే కనీసం 120 లీటర్లు ఖర్చవుతాయి. అంటే తొక్కల సంగతి ఎంత ప్రకటించుకున్నా, మాస్కు భారంలో పెద్ద వాటా తొక్కది కాదు, పత్తిది. ఆ 120 లీటర్లను ఒక్క వాడకం మీద వేస్తే మోయలేని బరువు, యాభై వాడకాల మీద పంచితే వాడకానికి రెండున్నర లీటర్లకు లోపే. గుడ్డ మాస్కును ఎన్నిసార్లు ఉతికి వాడారన్నదే దాని జీవనచక్ర అంచనాలో, అనగా పుట్టుక నుంచి పారవేత దాకా వస్తువు భారాన్ని కూడే లెక్కలో, అన్నిటికన్నా బరువైన అంశం కావడానికి కారణం ఇదే. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2020లో బ్రిటన్ ప్రజలంతా ఏడాదిపాటు రోజుకొక పారేసే మాస్కు వాడితే 66,000 టన్నుల ప్లాస్టిక్ వ్యర్థం పోగవుతుందని లెక్కగట్టి, ఉతికి వాడే మాస్కుల వైపే మొగ్గు చూపారు.

అయితే కషాయం నీళ్లను కాలువలోకి వదిలేస్తే కథ మారుతుంది. టానిన్ నిండిన ముదురు నీరు చెరువులో కలిస్తే, దానిని విచ్ఛిన్నం చేసే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును పీల్చేస్తాయి, చేపలకు ఊపిరాడదు. గోగు కట్టలను చెరువులో ఊరవేసినప్పుడు నీరు నల్లబడి వాసన కొట్టడం ఉత్తరాంధ్ర రైతులు ఎరిగిన సంగతే. రంగు గట్టిగా పట్టడానికి పటిక బదులు మైలుతుత్తమో, క్రోమియం లవణమో వాడితే, సహజ రంగు అన్న పేరు కిందనే విషలోహం నీళ్లలోకి దిగుతుంది. కషాయం తీయడానికి నీళ్లకు బదులు మిథనాల్ వాడి మంచి ఫలితాలు వచ్చాయని రాసే ప్రయోగాలు, ఆ మిథనాల్‌ను కార్ఖానా స్థాయిలో ఎలా తిరిగి పట్టుకుంటారో కూడా చెప్పాలి.

టానిన్‌కు ఒక మంచి బలహీనత ఉంది. అది ఉతుకుల్లో కొంచెం కొంచెంగా పోతుంది, మట్టిలో పడితే టానేజ్ అనే ఎంజైమును విడుదల చేసే ఆస్పర్‌గిల్లస్ వంటి బూజులు దానిని విరిచి తినేస్తాయి. టానిన్ ఎక్కువగా ఉన్న ఆకు నెమ్మదిగా కుళ్లుతుందన్నది నిజమే గానీ, చివరికి కుళ్లి తీరుతుంది. వస్త్ర పరిశ్రమ దీనిని లోపంగా చూస్తుంది, ఉతికినా పోని గుణం కోసం వెతుకుతుంది, ఆ వెతుకులాటే దానిని వెండి దగ్గరకూ రాగి దగ్గరకూ తీసుకుపోతుంది. పర్యావరణం వైపు నుంచి చూస్తే ఇది లోపం కాదు, ఈ మాస్కుకు ఉండగలిగిన అతి గొప్ప యోగ్యత.

వెండి సంగతి వేరు. 2008లో అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో ట్రాయ్ బెన్, పాల్ వెస్టర్‌హాఫ్ అనే పరిశోధకులు వెండి కలిపిన మేజోళ్లను కొని నీళ్లలో జాడించి చూసినప్పుడు, కొన్ని రకాలు నాలుగు ఉతుకుల్లోనే తమ వెండిని దాదాపు మొత్తం వదిలేశాయి, మరికొన్ని దాదాపు ఏమీ వదల్లేదు. ఈ తేడా ముఖ్యమైనది, ఎందుకంటే వెండి ఉందా లేదా అన్నదాని కంటే అది పోగుకు ఎలా అతికి ఉందన్నదే నీళ్ల గతిని తేలుస్తుంది. నీళ్లలోకి జారిన వెండిలో ఎక్కువ భాగం మురుగుశుద్ధి కేంద్రంలో గంధకంతో కలిసి సిల్వర్ సల్ఫైడ్‌గా మారి బురదలో పేరుకుంటుంది, ఆ బురద ఎరువుగా పొలానికి వెళ్తే వెండీ పొలానికే వెళ్తుంది. లోహం మూలకం కనుక ఏ బూజూ దానిని తిని అంతం చేయలేదు. రాగి కలిసిన తెగుళ్ల మందైన బోర్డో మిశ్రమం చల్లిన యూరప్ ద్రాక్షతోటల మట్టిలో రాగి తరాల తరబడి పేరుకుపోవడం దీనికి పాత ఉదాహరణ.

హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పదార్థ పరిశోధన సంస్థ, జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీతోనూ, బెంగళూరుకు చెందిన ఒక కంపెనీతోనూ కలిసి రాగి ఆధారిత నానోకణాలు పూసిన నూలు మాస్కును రూపొందించింది. అది మొక్కల వ్యర్థం దారి కాదు, జ్వాలలో ద్రావణాన్ని చల్లి సుమారు 20 నానోమీటర్ల కణాలు పుట్టించే దారి. మహమ్మారి రోజుల్లో ప్లాస్టిక్ బదులు నూలును ఎంచుకోవడం మెచ్చదగినదే. ఆ మెప్పుతో పాటే, అలాంటి గుడ్డను ఉతికిన నీళ్లలో రాగి ఎంత దిగిందన్న అంకె కూడా ప్రతి పెట్టె మీదా ఉండాలని అడగడం న్యాయం. బెల్జియం ప్రభుత్వం 2020లో ప్రజలకు పంచిన సుమారు కోటిన్నర గుడ్డ మాస్కుల్లో వెండి, టైటానియం డయాక్సైడు కణాలు ఉన్నట్టు తేలాక, 2021లో ముందుజాగ్రత్తగా వాటి వాడకం ఆపమని చెప్పాల్సివచ్చింది. పంచకముందు అడగవలసిన ప్రశ్న అక్కడ పంచిన తర్వాత అడిగారు.

సూక్ష్మజీవ సంహారకం నీళ్లలోకి చేరితే ఏమవుతుందో తెలుసుకోవడానికి తెలుగువారు దూరం పోనక్కరలేదు. స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. మందు నీళ్లకూ మాస్కు ఉతికిన నీళ్లకూ పరిమాణంలో పోలికే లేదు, కానీ సూక్ష్మజీవులు నేర్చుకునే పాఠం ఒక్కటే. 1975లో అమెరికాలో ఒక కాలిన గాయాల విభాగంలో పుండ్లకు సిల్వర్ నైట్రేట్ పూస్తుండగా, వెండికీ, దానితో పాటు ఆంపిసిల్లిన్, క్లోరాంఫెనికాల్ మందులకూ లొంగని సాల్మొనెల్లా బయటపడింది. ఆ వెండి నిరోధక జన్యువులు బ్యాక్టీరియా నుంచి బ్యాక్టీరియాకు దాటిపోగల ప్లాస్మిడ్ అనే డీఎన్ఏ వలయం మీద ఉన్నాయని తరువాత తేలింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన సంస్థలోనే 1948లో వెలుగుచూసిన ఆరియోమైసిన్ మట్టిలోని సూక్ష్మజీవి ప్రసాదించిన మందు. అలాంటి మందులకు పుట్టిల్లయిన మట్టిలోనే వాటికి లొంగని జాతులు పెరిగేలా లోహాలను కుప్పపోయడం చూస్తూ ఊరుకోవలసిన విషయం కాదు.

ఇంతకీ మాస్కుకు ఈ సంహారక గుణం ఎంత అవసరం? ఐఎస్ఓ 20743 అనే ప్రమాణం ప్రకారం బ్యాక్టీరియాను గుడ్డ మీద ఉంచి చూసేది 18 నుంచి 24 గంటలు, వైరస్‌ల కోసం ఉన్న ఐఎస్ఓ 18184లో సాధారణంగా 2 గంటలు. మాస్కు గుండా గాలి దాటడానికి రెప్పపాటు కూడా పట్టదు. ఊపిరిని కాపాడేది వడపోత, అంటే గుడ్డ నేత, పొరల సంఖ్య, ముఖానికి అతికే తీరు; సంహారక గుణం కాపాడేది ఆ గుడ్డను ముట్టుకున్న చేతులను, చెమటకు వాసన రాకుండా గుడ్డను. ఆ మాత్రం పనికి టానిన్ చాలు, సబ్బూ ఎండా చాలావరకు చాలు.

వ్యర్థం అన్న మాటనూ ఒకసారి తరచి చూడాలి. వేసవిలో చిత్తూరు జిల్లా మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వెనక తొక్కలూ టెంకలూ గుట్టలుగా పడి పులిసిపోతాయి, వాటిని ఆ వారంలోనే ఎండబెట్టి వాడుకోగలిగితే నిజమైన లాభం. అరటి బోదెను మాత్రం తోటలోనే తరిగి వేసే రైతుకు అది ఎరువు, పొటాష్‌ను తిరిగి నేలకిచ్చే ఎరువు. నార కోసం బోదెను లారీకెక్కిస్తే ఆ పొటాష్‌ను మళ్లీ సంచుల్లో కొనాలి. ఆ సంచి ఖర్చును మాస్కు లెక్కలో రాయని అంచనా అసంపూర్ణం.

పేర్లతో జరిగే మోసం మరొకటి. వెదురుకు సహజంగా సూక్ష్మజీవ నిరోధక గుణం ఉందని చెప్పి అమ్మిన బట్టలు నిజానికి వెదురు గుజ్జును కాస్టిక్ సోడా, కార్బన్ డైసల్ఫైడ్‌లతో కరిగించి తీసిన రేయాన్ అనీ, ఆ ప్రక్రియ తర్వాత వెదురు గుణమేదీ మిగలదనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో కంపెనీలపై చర్యలు తీసుకుంది. తైవాన్‌లో కాఫీ పిప్పిని పాలియెస్టర్‌లో కలిపి నూలు తీస్తారు; పిప్పి ఉన్నంతమాత్రాన ఆ నూలు కుళ్లదు, ఉతికిన ప్రతిసారీ ప్లాస్టిక్ పోగులను వదులుతూనే ఉంటుంది.

చివరి మజిలీ చెత్తకుప్ప. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాలు, ఇళ్లలో వాడిన మాస్కులను కాగితపు సంచిలో 72 గంటలు ఉంచి, కత్తిరించి, పొడి చెత్తలో వేయమన్నాయి. ఆ పద్ధతిలో అరటినార మాస్కైనా, పాలీప్రొపిలీన్ మాస్కైనా ఒకే బుట్టలోకి పోతాయి, కంపోస్టు గుంతకు ఏదీ చేరదు. హైదరాబాదు శివారులోని జవహర్‌నగర్ వంటి పెద్ద డంపు లోతుల్లో గాలి ఆడదు. అక్కడ కుళ్లే నూలు మీథేన్ వాయువును విడుదల చేస్తుంది, అది వాతావరణాన్ని బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు వేడెక్కిస్తుంది. కుళ్లగలిగే గుడ్డ, సరైన చోట కుళ్లితేనే దాని గుణం అక్కరకొస్తుంది. ముక్కు తీగ, చెవి ఎలాస్టిక్ లాగి వేరు చేయగలిగేలా కుట్టడం, ఎలాస్టిక్ బదులు అదే గుడ్డతో నాడాలు పెట్టడం ఖర్చులేని సంస్కరణలు. కుట్టుపనివారికి అవి చిటికెలో పని.

మట్టిలో పాతిన సెల్యులోజ్ గుడ్డ బలం ఎంత తగ్గిందో కొలవడానికి ఐఎస్ఓ 11721 అనే ప్రమాణం ఉంది. గుడారాల వంటి గుడ్డలు ఎంతకాలం కుళ్లకుండా నిలుస్తాయో చూడటానికి పుట్టిన పరీక్ష అది, గుడ్డ చెక్కుచెదరకపోతే అక్కడ గెలుపు. మాస్కులకు అదే పరీక్షను తిరగేసి చదవాలి. పైపూత లేని నూలు, దానిమ్మ కషాయం పట్టించిన నూలు, వెండి పూసిన నూలు, ఈ మూడు ముక్కలనూ ఇరవైసార్లు ఉతికి, ఆ నీళ్లను పారబోయకుండా సీసాల్లో పట్టి, ముక్కలను ఒకే మట్టిలో పక్కపక్కన పాతి, నెలల తర్వాత తవ్వి చూడాలి. ఏ ముక్క చేతికి పోగులుగా రాలిపోయింది, ఏది నేత చెదరకుండా వచ్చింది, సీసాల్లో లోహం ఎంత తేలింది అన్న మూడు అంకెలను సూక్ష్మజీవ నిరోధక శాతం పక్కనే, అదే సైజు అక్షరాల్లో, మాస్కు కవరు మీద అచ్చు వేయాలి.